పొలము ఎవరి పేరున ఉన్నది?

పాఠ్యభాగములు: లూకా 12:13–15, సామెతలు 31:10–31, నిర్గమకాండము 21:10–11, మలాకీ 2:13–16



జనసమూహములోనుండి ఒకడు ముందుకు వచ్చి, తన సహోదరునితో మాటలాడి తండ్రి ఆస్తిలో తన పాలు తనకు ఇప్పించుమని ప్రభువును వేడుకొన్న సంగతి లూకా 12వ అధ్యాయములో నున్నది. ప్రభువు ఆ పంపకమునకు పూనుకొనలేదు. ఆ పని తనకు అప్పగింపబడలేదని చెప్పి, అక్కడ నున్న వారందరిని లోభమును గూర్చి హెచ్చరించెను. మన గ్రామ సంఘములలో గట్టు తగాదా వచ్చినప్పుడెల్ల ఎవరో ఒకరు ఈ భాగమును ఎత్తుచునే యుందురు. అయితే పంపకము అన్నదమ్ముల మధ్యనే కాదు, భార్యాభర్తల మధ్యను వచ్చుచున్నది. దానిని గూర్చి మన ఆరాధనలలో గాని స్త్రీల కూటములలో గాని మాట వినబడుట అరుదు.

విడాకులు మనలో లేవని చెప్పుకొనుట మనకు ఇష్టము. ఇతరుల ఇండ్లలో జరుగునవి మన ఇండ్లలో జరుగవని నమ్ముట ఇంకను ఇష్టము. కాని ప్రతి మండలములోను, పెండ్లి రిజిస్టరులో సంతకము చేసి, కొన్ని యేండ్ల తరువాత ఇద్దరు పిల్లలతోను ఒక రేకు పెట్టెతోను పుట్టింటికి తిరిగి వచ్చిన సహోదరీలు ఉన్నారు. కొందరి సంగతి కోర్టు వరకు పోవును, అనేకుల సంగతి పోదు. ఆ పెట్టెలో లేనిది ఎంత, అది ఎవరికి చెందవలెను అని అడుగువారు లేరు.

విడాకులు న్యాయమా కాదా అని ఈ పాఠములో విచారింపము. మత్తయి 19వ అధ్యాయములో ప్రభువు ఆ విషయము తేటగా చెప్పియున్నాడు. మనుష్యుల హృదయ కాఠిన్యమును బట్టియే మోషే దానికి సెలవిచ్చెనని కూడ అక్కడనే చెప్పెను. హృదయము కఠినమైన చోట చట్టము వచ్చి నిలుచును. ఆ చట్టము వచ్చి నిలిచినప్పుడు ఇల్లు, పొలము, బంగారము, పశువులు ఏమగును? ఇంతవరకే మన పాఠము.

ఈ విషయమై మన ఊళ్లలో రెండు మాటలు తిరుగుచున్నవి. విడాకులైతే కోర్టువారు మగనికి సగము, ఆలికి సగము పంచి ఇత్తురని కొందరందురు. ఆడదానికి ఏమియు రాదు, కట్టుబట్టలతో వెళ్లవలసినదే అని మరి కొందరందురు. రెండును తప్పు. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టములో 20వ సెక్షను ఒకటి కలదు. వివాహము చేసికొన్నంత మాత్రమున భర్త ఆస్తిలో భార్యకు గాని, భార్య ఆస్తిలో భర్తకు గాని ఏ హక్కును కలుగదనియు, వివాహమునకు ముందు తన ఆస్తి విషయమై ఏమి చేయగలిగియుండిరో తరువాతను చేయగలరనియు దాని భావము. వివాహ సమయమున ఇద్దరును క్రైస్తవులై యుండిన యెడల ఇది వారికి వర్తించును. (పెండ్లియైన తరువాత బాప్తిస్మము పొందినవారి సంగతి వేరు; వారు ప్లీడరును అడిగి తెలిసికొనవలెను.) కావున మన కోర్టు "ఇద్దరిది ఎంత?" అని అడుగదు. "ఏది ఎవరిది?" అని అడుగును. కాగితము ఎవరి పేరున నున్నదో అక్కడ మొదలుపెట్టును.

లోకమంతటను ఇట్లు లేదు. మన దేశములోనే గోవాలో 1867వ సంవత్సరపు పోర్చుగీసు సివిల్ కోడు నేటికిని నడచుచున్నది. వివాహమునకు ముందు వేరుగా ఒప్పందము వ్రాసికొననిచో దంపతుల ఆస్తి ఉమ్మడియగును, విడిపోయినప్పుడు చెరి సగము వచ్చును. ఏ మతమువారికైనను అక్కడ ఇదే చట్టము. ఇంగ్లండులో 2000వ సంవత్సరమున ప్రభువుల సభ న్యాయమూర్తులు, బయట సంపాదించినవారికిని ఇల్లు దిద్దినవారికిని మధ్య భేదము చూపరాదని తీర్పు చెప్పిరి. మన తెలుగు బిడ్డలు అనేకులు కాపురమున్న కాలిఫోర్నియాలో, వివాహకాలమున సంపాదించినది సాధారణముగా ఇద్దరికిని సమానము. అందుచేత అమెరికానుండి వచ్చిన కుమారుడు చెప్పు మాట విని, ఇక్కడ కూడ అట్లే యుండునని అనుకొనరాదు.

ఇప్పుడు ఒక కుటుంబమును ఊహించుకొందము. పేరులు పెట్టము, ఏ ఊరివారికైనను సరిపోవును. పెండ్లినాడు తండ్రి ఆమెకు అయిదు కాసుల బంగారము పెట్టి, చెరువు క్రింద అర ఎకరము నీ పేరున అని పెద్దల యెదుట చెప్పెను. అత్తవారి స్థలములో మామగారు కట్టిన ఇంటిలో కాపురము. నాలుగేండ్లకు బంగారము కుదువ పెట్టి, తరువాత విడిపింపలేక అమ్మి, ఆ సొమ్ముతో భర్త పేరున ఒక ఎకరము కొనిరి. పదునెనిమిది సంవత్సరములు ఆమె ఆ ఎకరములో నాట్లు వేసెను, కలుపు తీసెను, కోత కోసెను. తీరిక దినములలో ఇతరుల పొలములకు కూలికి వెళ్లెను. డ్వాక్రా గుంపులో అప్పు తీసి గేదెను కొనెను. అటు పిమ్మట కాపురము చెడెను. ఎవరి వలన చెడెనో ఇక్కడ మనకు పని లేదు.

కోర్టు ఈ ఆస్తిని ఎట్లు చూచునో ఒక్కొక్కటిగా చూతము.

తండ్రి ఇచ్చిన అర ఎకరము ఆమెదే అని మనమందరము అందుము. కోర్టు మాత్రము దానపత్రము ఏదీ అని అడుగును. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములో 123వ సెక్షను ప్రకారము స్థిరాస్తిని దానముగా ఇచ్చుటకు రిజిస్టరు చేసిన దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. నోటిమాట చాలదు. పాస్టరుగారి యెదుట చెప్పిన మాటయైనను చాలదు. తండ్రి జీవించియున్నంత కాలము ఆయన మాటకు ఎదురు లేదు గనుక ఎవరికిని దస్తావేజు గుర్తు రాదు. తండ్రి నిద్రించిన తరువాత అన్నదమ్ములకు గుర్తు వచ్చును. ఎన్ని పెండ్లిండ్లలో ఆశీర్వాద వచనములు పలికి, రిజిస్ట్రారు ఆఫీసు గడప త్రొక్కకుండ ఇండ్లకు వెళ్లినవారము! ఆమెకు చేతులార ఇచ్చిన భూమి ఆ విధముగా చేజారినది. తండ్రికి వారసురాలుగా ఆమెకు రావలసిన పాలు వేరు సంగతి, అది పోదు. ప్రత్యేకముగా ఇచ్చిన అర ఎకరము మాత్రము కాగితము లేక నిలువదు.

బంగారము సంగతి దీనికంటె మెరుగు. నగలకు రిజిస్టరు అక్కరలేదు. ఆమెకు పెట్టినవి ఆమెవే. "స్త్రీధనము" అను మాట హిందూ ధర్మశాస్త్రములోనిదైనను, పైన చెప్పిన 20వ సెక్షను మార్గమున మనమును అదే చోటికి చేరుదుము. భార్య నగలు భర్త చేతికి వచ్చినను అతడు వాటికి కావలివాడే గాని యజమానుడు కాడనియు, అడిగినప్పుడు ఇయ్యనిచో అది నమ్మకద్రోహ నేరమగుననియు 1985లో సుప్రీం కోర్టు చెప్పెను. 2024 ఏప్రిలులో అదే కోర్టు మరియొక తీర్పు చెప్పెను. కేరళ రాష్ట్రమునకు చెందిన ఆ వ్యాజ్యములో 89 కాసుల బంగారము పోయినది. స్త్రీధనము దంపతుల ఉమ్మడి ఆస్తి కాదనియు, కష్టకాలమున భర్త దానిని వాడుకొన్నను తిరిగి దానినైనను దాని విలువనైనను ఇచ్చుట అతని బాధ్యత యనియు చెప్పి, ఆమెకు 25 లక్షల రూపాయలు చెల్లింపుమని ఆజ్ఞాపించిరి. కావున మన ఊహలోని సహోదరి ఎకరమును అడుగలేకపోయినను, ఆ ఎకరములో కరగిపోయిన అయిదు కాసుల విలువను అడుగగలదు. అయితే రుజువు కావలెను. కుదువ పెట్టిన రసీదు, బ్యాంకువారి కాగితము, పెండ్లినాటి ఫోటో, పెట్టినవారి సాక్ష్యము – వీటిలో ఏది యున్నను మేలు. మన స్త్రీలు కుదువ రసీదును విడిపించిన మరునాడే చింపివేయుదురు, ఎవరైన చూచిన సిగ్గని. అమ్మివేసిన నగ రసీదును దాచుకొనుటలో సిగ్గేమియు లేదు.

ఇక ఆ ఎకరము. కాగితము భర్త పేరున నున్నది, పాసుపుస్తకము అతనిది, కాబట్టి భూమి అతనిది. మరి పదునెనిమిది సంవత్సరముల కష్టము? 1874లో చేయబడిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టము క్రైస్తవ స్త్రీలకు వర్తించును. భార్య తాను చేసిన ఉద్యోగము వలనను వృత్తి వలనను వ్యాపారము వలనను సంపాదించినది, దానిలో మిగిల్చినది, ఆమె సొంత ఆస్తి యని అందులోని 4వ సెక్షను చెప్పుచున్నది. ఎంత మంచి మాట! అయితే అక్కడనే ఒక షరతు కలదు: ఆ పని ఆమె నడుపునదై యుండవలెను, భర్త నడుపునదై యుండరాదు. పొరుగువాని చేనిలో కలుపు తీసిన దినపు కూలి ఆమెది. తన భర్త చేనిలో కలుపు తీసిన దినమునకు కూలియు లేదు, లెక్కయు లేదు. అదే నడుము, అదే కొడవలి, అదే ఎండ. గట్టుకు ఈవల వంగినచో సంపాదన, ఆవల వంగినచో ఏమియు కాదు.

సామెతల గ్రంథము 31వ అధ్యాయమును ఒక్కసారి ఈ వెలుగులో చదువుడి. తల్లుల ఆదివారమున మన సంఘములలో తప్పక చదువబడు భాగమిది. ఆ స్త్రీ వేకువనే లేచుట, దీపము ఆరనీయకుండుట, బీదలకు చెయ్యి చాపుట – వీటిని గూర్చి మనము విస్తారముగా చెప్పుదుము. 16వ వచనమును మాత్రము త్వరగా దాటిపోదుము. అందులో ఆమె ఒక పొలమును చూచి, ఆలోచించి, కొనుచున్నది. తన చేతుల సంపాదనతో ద్రాక్షతోట నాటించుచున్నది. ఆమె భర్త ఆ వేళ ఊరి గవిని యొద్ద పెద్దలతో కూర్చుండియున్నాడు. ఆ పొలము ఎవరి పేరున వ్రాయబడెనో గ్రంథకర్త చెప్పలేదు. కాని అధ్యాయపు చివరి వచనములో, ఆమె చేతులు సంపాదించినదానిలో ఆమెకు పాలు ఇయ్యుడని ఊరివారితో చెప్పుచున్నాడు. దానిని మనము పొగడ్తగా చదువుచున్నాము. అది పంపకమును గూర్చిన మాట కూడనని మా అభిప్రాయము. పొగడ్తతో ప్రతిఫలము తీరిపోయినదనుకొనుట మగవారికి చాల అనుకూలమైన వ్యాఖ్యానము.

ఈ లోటును న్యాయమూర్తులు గుర్తింపకపోలేదు. 2023 జూనులో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో, భర్త గల్ఫుకు పోయి సంపాదింపగా భార్య ఇంటి యొద్ద నుండి పిల్లలను పెంచి సంసారము నడిపినందున, ఆ సొమ్ముతో కొన్న ఆస్తిలో ఆమెకు సమాన భాగము కలదని చెప్పెను. కోనసీమనుండియు కరీంనగరమునుండియు గల్ఫుకు పోయినవారి కుటుంబములు ఈ మాట చెవిని పెట్టదగినవి. అయినను ఇది ఒక రాష్ట్రపు హైకోర్టు తీర్పు. పార్లమెంటు చేసిన శాసనము కాదు. భర్త స్థిరాస్తిలో భార్యకు పాలు ఇప్పించుటకై ఒక బిల్లు 2010లో ప్రవేశపెట్టబడి, 2013లో రాజ్యసభలో నెగ్గి, 2014లో లోకసభ ముగియుటతో రద్దాయెను. అదియు హిందూ వివాహ చట్టమును, ప్రత్యేక వివాహ చట్టమును మార్చుటకే గాని మన చట్టమును ముట్టలేదు.

ఇల్లు మామగారిది గనుక దానిలో పంపకము లేదు. అయితే ఆమెను బయటికి నెట్టవచ్చునా? 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము ప్రకారము కాపురమున్న ఇంటిలో నివసించు హక్కు ఆమెకు కలదు. న్యాయ మార్గమున తప్ప ఆమెను వెళ్లగొట్టరాదు. ఆ ఇల్లు భర్త పేరున లేక అతని తల్లిదండ్రుల పేరున నున్నను ఈ రక్షణ వర్తింపవచ్చునని 2020లో సుప్రీం కోర్టు తేల్చెను. ఇది ఉండుటకు హక్కే గాని సొంతమగుటకు హక్కు కాదు. అదే చట్టము క్రింద మేజిస్ట్రేటు ఆమె నగలు, సామాను తిరిగి ఇప్పింపగలడు. వాటిని అమ్మకుండ ఆపగలడు. గేదె ఆమె కొన్నది, పాల సొమ్ము ఆమెది. డ్వాక్రా అప్పు కూడ ఆమెదే, కాపురము పోయినను కిస్తీ పోదు.

ఇట్లు చూడగా ఆమె పదునెనిమిది యేండ్ల కష్టము ఏ ఖాతాలోను ఎక్కలేదు. అది లోనికి వచ్చుటకు ఒకే ద్వారమున్నది, అది మనోవర్తి. 1869వ సంవత్సరపు విడాకుల చట్టములో 37వ సెక్షను ప్రకారము, వివాహము రద్దు చేయునప్పుడు కోర్టు ఆమెకు ఒక్కసారిగా ఇంత సొమ్మనియు, లేదా ఆమె జీవితకాలమంతయు ఏటేట ఇంత యనియు, నెల నెలకు ఇంత యనియు భర్తచేత ఇప్పింపగలదు. ఆమెకున్న ఆస్తి, అతని శక్తి, ఇద్దరి నడవడి – ఈ మూడింటిని చూచును. వ్యాజ్యము నడచుచున్నప్పుడే ఖర్చులకును జీవనమునకును అడుగుటకు 36వ సెక్షను కలదు. నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు దానిని తేల్చవలెనని చట్టమే చెప్పుచున్నది. ఇదిగాక, ఏ మతము వారైనను మేజిస్ట్రేటు కోర్టులో మనోవర్తి అడుగవచ్చును. పూర్వము 125వ సెక్షను అని మనమెరిగినది, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా నున్నది. 2020 నవంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశముల ప్రకారము ఇద్దరును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకముగా వ్రాసి ఇయ్యవలెను. మనోవర్తి దరఖాస్తు పెట్టిన నాటినుండి లెక్కింపబడును. "నాకేమియు లేదండీ" అని చేతులు చూపి తప్పించుకొనుట పూర్వమంత సులభము కాదు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఒక చిన్న చట్టము కలదు. దాసిగా కొనబడి భార్యగా ఉంచుకొనబడిన స్త్రీని గూర్చినది. ఆ పురుషుడు మరియొకతెను తెచ్చుకొన్నను, మొదటిదానికి ఆహారమును, వస్త్రమును, సంసార ధర్మమును తగ్గింపరాదు. తగ్గించిన యెడల ఆమె ఏ సొమ్మును చెల్లింపకయే విడుదల పొందవచ్చును. దాసికే ఇంత నియమము! నేడు నెలకు ఇన్ని వేలు ఇమ్మని కోర్టు చెప్పగా, ఉద్యోగము మానుకొనియు, పొలము తమ్ముని పేరున వ్రాసియు తప్పించుకొన చూచువారు మన ఆదివారపు కూటములలో కూర్చుండి కానుక వేయుచున్నారు. మలాకీ ప్రవక్త కాలమున ఇట్టివారే యౌవనమున పెండ్లాడిన భార్యకు ద్రోహము చేసి, బలిపీఠమును కన్నీళ్లతో తడిపి, దేవుడు మా నైవేద్యమును ఎందుకు లక్ష్యపెట్టడని అడిగిరి. ప్రవక్త ఇచ్చిన జవాబు మీరే చదివికొనుడి.

మన విడాకుల చట్టము పుట్టుక కొంచెము తెలిసికొనుట మంచిది. అది 1869లో దొరల పరిపాలనలో వచ్చినది. భర్త విడాకులు కోరినచో భార్య వ్యభిచారమును ఒక్కదానిని రుజువు చేసిన చాలును. భార్య కోరినచో వ్యభిచారముతోపాటు క్రూరత్వమునో విడిచిపెట్టుటనో కూడ రుజువు చేయవలసియుండెను. వ్యభిచారము చేసిన భార్య ఆస్తిని తీసి భర్తకును పిల్లలకును ఏర్పాటు చేయుటకు 39వ సెక్షను ఉండెను. వ్యభిచారము చేసిన భర్త ఆస్తిని అట్లు తీయుటకు సెక్షను లేకుండెను! మధ్యంతర మనోవర్తి భర్త ఆదాయములో అయిదవ వంతు మించరాదని హద్దు. 1995లో కేరళ హైకోర్టు భార్యల మీదనున్న అదనపు భారమును కొట్టివేసెను. 2001లో పార్లమెంటు చట్టమును సవరించి, ఇద్దరికిని ఒకే కారణములు ఏర్పరచి, 39వ సెక్షనును తీసివేసి, అయిదవ వంతు హద్దును ఎత్తివేసెను. 132 సంవత్సరములు పట్టెను. ఇద్దరును సమ్మతించి కలిసి అర్జీ పెట్టుకొను 10ఏ సెక్షను కూడ అప్పుడే చేరినది.

40వ సెక్షను మాత్రము నాటినుండియు నిలిచియున్నది. పెండ్లికి ముందు గాని తరువాత గాని దంపతుల నిమిత్తము ఏర్పాటు చేసి వ్రాసిన ఆస్తి యుండిన యెడల, కోర్టు విచారించి దానిని భర్తకో, భార్యకో, పిల్లలకో మేలు కలుగునట్లు మార్చగలదు. అయితే పిల్లలకు నష్టము చేసి తల్లిదండ్రులకు మేలు చేయరాదని అందులోనే కట్టుబాటు. ఇట్టి ఏర్పాటు దస్తావేజులు మన పల్లెలలో అరుదు గనుక ఈ సెక్షను వాడుక తక్కువ.

ఇక సంఘ పెద్దలతో ఒక మాట. విశ్వాసులు తమ తగవులను అన్యుల యెదుటికి తీసికొని పోకుండ తమలోనే తీర్చుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. దానిని పట్టుకొని మన పెద్దలు కొందరు కాపురపు తగవులను తామే తీర్చి, స్టాంపు కాగితము మీద "ఇకమీదట ఒకరికొకరికి సంబంధము లేదు, నాకు రావలసినది ఏమియు లేదు" అని ఆమెచేత వేలిముద్ర వేయించుచున్నారు. ఇది విడాకులు కాదు. క్రైస్తవ వివాహమును రద్దు చేయు అధికారము కోర్టుకే కలదు; సంఘ న్యాయసభలిచ్చు విడుదలకు దేశ చట్టములో విడాకుల బలము లేదని 2017 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టము చేసెను. ఆ కాగితమును నమ్మి మరల పెండ్లి చేసికొన్నవాడు రెండవ పెండ్లి నేరములో పడును. తల్లి వేలిముద్ర వేసినందున పిల్లల భరణము హక్కు పోదు. పౌలు ఆ అధ్యాయములోనే, సహోదరులకు అన్యాయము చేసి వారి సొత్తును అపహరించువారిని కూడ గద్దించెను. పెద్దలు సగము అధ్యాయము చదివి ఆగరాదు.

అయితే పెద్దలు చేయదగినది చాల కలదు. ఇద్దరిని కూర్చుండబెట్టి, ఏ వస్తువు ఎవరు తెచ్చిరి, ఏది ఎప్పుడు అమ్మిరి, అప్పులెన్ని అని పట్టిక వ్రాయించుట ప్లీడరు కంటె వారికే సులభము. ఆ గేదె ఎప్పుడు వచ్చెనో, ఆ ఎకరమునకు సొమ్ము ఎక్కడనుండి వచ్చెనో ఊరివారెరుగుదురు. ఇద్దరును సమ్మతించినచో ఆ పట్టికను 10ఏ అర్జీతో కూడ ఒప్పందముగా కోర్టులో పెట్టవచ్చును. సమ్మతింపనిచో ఆ పెద్దలే సాక్షులుగా నిలువవచ్చును. సాక్ష్యమియ్యవలసిన దినమున "మాకెందుకయ్యా" అని తప్పుకొనకుండుట మిక్కిలి అవసరము.

ఈ కష్టమంతయు తప్పించుటకు పెండ్లినాడే చేయదగిన పని ఒకటి కలదు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961వ సంవత్సరపు చట్టము క్రింద నేరము. మనము దానిని నోటితో ఒప్పుకొని చేతితో ఒప్పుకొనము. ఆ చట్టములో 6వ సెక్షను ప్రకారము, వేరొకరు పుచ్చుకొన్న కట్నమును మూడు నెలలలో వధువునకు అప్పగింపవలెను. అంతవరకు అది ఆమె నిమిత్తము దాచబడిన సొమ్మే. కోరకయే ప్రీతితో ఇచ్చిన కానుకలకైనను 1985వ సంవత్సరపు నియమముల చొప్పున పట్టిక వ్రాయవలెను: వస్తువు పేరు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారి బంధుత్వము, వధూవరులిద్దరి సంతకములు. మన సంఘములలో వివాహ రిజిస్టరులో సంతకములకై వధూవరులు ఎట్లును బల్ల యొద్దకు వత్తురు. ఆ బల్ల మీదనే ఈ రెండవ కాగితమును పెట్టవచ్చును. "శుభకార్యములో ఇట్టి మాట ఏమిటి?" అని ఎవరైన అందురు. రిజిస్టరులో సాక్షుల సంతకములు ఎందుకు పెట్టించుచున్నామో వారిని అడుగుడి. కొత్తగా భూమి కొనువారు ఇద్దరి పేరులను దస్తావేజులో వ్రాయించుటకు కూడ ఏ చట్టమును అడ్డము లేదు. అట్లు వ్రాయించిన ఎకరమును గూర్చి పైన మేము వ్రాసినదంతయు అక్కరకు రాదు.

కాగితములేవియు లేక, ఇప్పటికే పుట్టింట నున్న సహోదరీలు మన సంఘములలో నున్నారు. వారి భయము ముఖ్యముగా ఖర్చును గూర్చి. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి ప్లీడరును ఉచితముగా ఇయ్యవలెను. ఆమె ఆదాయము ఎంత అని అడుగరు. మండల కేంద్రములో కోర్టున్న చోట మండల న్యాయసేవల కమిటీ, జిల్లా కోర్టు ఆవరణములో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలవు. 15100 అను నంబరుకు ఫోను చేసియు అడుగవచ్చును. వెళ్లునప్పుడు పెండ్లి రిజిస్టరు నకలు, పిల్లల జనన పత్రములు, దొరికినంతవరకు రసీదులు, పాసుపుస్తకముల నకళ్లు తీసికొని పోవలెను. ఒంటరిగా పోలేనివారితో స్త్రీల సమాజమునుండి ఒకరు తోడు వెళ్లినచో బస్సు ఛార్జీ తప్ప వేరు ఖర్చు ఉండదు.